బెత్తెడు మసి

చైనాగడ్డిని నీళ్లల్ల మరగబెడితే
గంజి లెక్క చిక్కబడ్తది.
స్టీలు పళ్లెంల పోసి చల్లారనిస్తే
ముంజ.
చాకుతో కోసి అరచేతిల పెట్టుకుంటే వణుకుతది,
మోకుదిగిన గౌడన్న అప్పుడే కాయ కొట్టి
చేతిల పెట్టినట్టు.

నీళ్లు మాత్రం ఈ ఊరియి కావు.
చండూరు దాటినంక ఏ బోరు నీళ్లైనా సరే
గోడకు పెడితే తెల్లగ పొక్కి
ఉప్పయి లేస్తయి.
పండ్లకు గార పట్టించిన నీళ్లకు
రంగుల మీద దయ ఉంటదా?
బ్యాటరీల పోసే నీళ్లు
నల్లగొండ నుంచి డబ్బాలల్ల ఆటోల వస్తయి.
మా అమ్మ ఆ డబ్బాల దిక్కు చూసి
"గోడకు మంచినీళ్లు తాపుతున్నరా బిడ్డా" అని నవ్వింది.
నవ్వు సగంలనే కొంగు అడ్డం పెట్టుకున్నది.
ఆమె పండ్లు ఆమెకు యాదికొచ్చినయి.

దొర పట్నం పోయినంక
ఈ గడి పదిహేనేండ్లు పిల్లల హాస్టలు.
ఈ నడి అర్రలనే మూడు రాళ్ల పొయ్యి,
నూటిరవై మందికి అన్నం, నీళ్లచారు.
వండింది ఈదమ్మ. మా అమ్మ.
తుమ్మకట్టె, కందికట్టె,
ముసురు పట్టిన్నాడు సైకిలు టైరు ముక్క.
గోడ మీద ఏమున్నదో ఆమెకు తెల్వదు.
కండ్లెంబడి నీళ్లు కారంగ
తలెత్తి చూసే తీరిక ఎవరికున్నది?

కుతుబుద్దీన్ సాబ్ మొదటి దినమే చెప్పిండు:
రుద్దొద్దు.
గోడ తాగొద్దు, పెదవి తడుపుకోవాలె, అంతే.
పలుచటి కాగితం పరిచి దాని మీద ముంజ పెట్టి
పన్నెండు నిమిషాలు ఊకె నిలబడాలె.
నీళ్లు పోవు, కారవు,
ముంజ తన తడిని గట్టిగ పట్టుకొని
కొంచెం కొంచెమే ఇడుస్తది.
మసి దానంతట అదే
గోడను ఇడిచి ఇటు ఎక్కుతది.
తీసి చూస్తే గోధుమరంగు,
కాసేపటికి చాయ రంగు.

ముందుగాల ఒక ఏనుగు చెవి వచ్చింది.
వారానికి అంబారీ.
పచ్చ చిలుక, దాని మెడల నుంచి
మేకుతో చెక్కిన అక్షరాలు,
"సైదులు ఏడో తరగతి".
పూడ్చాలెనా వద్దా, సాబ్‌ను ఇంకా అడగలే.
అడిగితే ఏమంటడో నాకు తెలుసు.
అట్టడుగు వరుసల పల్లకీ మోసేటోళ్లు.
దొరసాని ముక్కుపుడకకు పూసంత ఎరుపు పెట్టిన చెయ్యి
ఈ నలుగురికి కండ్లు గియ్యలే.
మసి తీసినంక గూడ
వాళ్లకు కండ్లు లేవు.

"పదిహేనేండ్లు నేను పూసిన," అన్నది అమ్మ,
"నువ్వు జీతం తీసుకొని తీస్తున్నవు."
కోపం లేదు ఆ మాటల. లెక్క మాత్రమే.
ఆమెకు నెలకు రెండొందలు, అదీ మూణ్నెల్లకొకసారి.

మా పనిల ఒక కట్టడి ఉన్నది:
అంతా తుడవొద్దు.
ముందు ఎట్లుండెనో చెప్పతందుకు
చిన్న ముక్క అట్లనే ఇడవాలె.
తలుపు ఎనుక ఇడువుమన్నడు సాబ్, ఎవరికీ కనబడకుంట.
నేను పొయ్యి రాళ్లు ఉన్న తావు ఎతికి
దానికి నిట్టనిలువుగ, మనిషి చూపు ఎత్తుకు
నాలుగేళ్లు ఆనిచ్చి కొలిచిన.
బెత్తెడు.

రాత్రి కాగితాలు నింపుతుంటే
చిత్రకారుడు అన్నకాడ "తెలియదు" అని రాసిన.
మసి ఎవరిదో రాయతందుకు గడి లేదు.
పెన్నుతో నేనే ఒకటి గీసిన,
వంకర వచ్చింది.

వాడిన ముంజలు బకెట్ల నల్లగ కూడినయి.
"మేకలకేద్దునా?" అని అడిగింది అమ్మ.
"తినయే."
ఆమె ఒక ముక్క తీసుకొని
కిటికీ దిక్కు ఎత్తి పట్టింది.
శానాసేపు చూసింది.
ఎల్తురు దాంట్లకెళ్లి
చారు రంగుల ఆమె మొఖం మీద పడ్డది.